పాటీ సెషన్స్: మార్మన్ వలసబాటలో ఒక మంత్రసాని జీవితం (తరచుగా అడిగే ప్రశ్నలు)

అమెరికా పశ్చిమ ప్రాంతాల చరిత్ర చదివేవారికి మార్మన్ల (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘంవారి) వలస అనగానే తెల్లటి గుడ్డ కప్పిన ఎడ్లబండ్ల బారు కళ్ల ముందు కదులుతుంది. ఆ బారులో ఒక బండిని తోలుకుంటూ వెళ్లిన మనిషి ఆ రాత్రి ఎక్కడ తల వాల్చింది, ఏ పని మీద అర్ధరాత్రి లేచి వెళ్లింది, ఎవరి మాటకు నొచ్చుకుంది అన్న సంగతులు మాత్రం చాలామంది విషయంలో మనకు దొరకవు. పాటీ బార్ట్‌లెట్ సెషన్స్ విషయంలో అవి దొరుకుతాయి. దాదాపు నాలుగు దశాబ్దాల పాటు ఆమె తన చేత్తో రాసుకున్న దినచర్య మిగిలి ఉండటమే దానికి కారణం. ఆమె గురించి పాఠకులకు సాధారణంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

పాటీ సెషన్స్ ఎవరు?

ఆమె 1795 ఫిబ్రవరి 4న ఈశాన్య అమెరికాలోని బెథెల్ అనే ఊరిలో పుట్టింది. ఇప్పుడు ఆ ఊరు మెయిన్ రాష్ట్రంలో ఉంది కానీ, అప్పటికి మెయిన్ ఇంకా మసాచుసెట్స్‌లో భాగమే. 17 ఏళ్ల వయసులో, 1812లో, పుట్టింటివారికి ఇష్టం లేకపోయినా డేవిడ్ సెషన్స్‌ను పెళ్లి చేసుకుంది. వారికి ఎనిమిది మంది పిల్లలు పుడితే, పెద్దవాళ్లయినది పెరిగ్రీన్, సిల్వియా, డేవిడ్ అనే ముగ్గురే. వేల మంది బిడ్డలను ఈ లోకంలోకి చేతులారా తీసుకువచ్చిన మనిషి తన కడుపున పుట్టినవారిలో ఐదుగురిని పోగొట్టుకుందన్న సంగతిని గుర్తుపెట్టుకుని ఆమె జీవితాన్ని చదవాలి. దినచర్యలో ఇతరుల బిడ్డల చావు గురించి ఆమె రాసిన ఒక్కొక్క చిన్న వాక్యం వెనుక ఆ బరువు ఉంది.

ఆమెను ‘పయనీర్’ అంటారు కదా, ఆ మాటకు కచ్చితమైన అర్థం ఉందా?

ఉంది. 1847 నుంచి 1869 మే 10 వరకు, అంటే ఖండాన్ని దాటే రైలుమార్గం పూర్తయ్యేలోపు యూటా ప్రాంతానికి చేరినవారిని పయనీర్లుగా లెక్కిస్తారు. ఆ తరువాత వచ్చినవారు రైలు దిగినవారు కాబట్టి ఆ లెక్కలోకి రారు. మొదటి బృందం సాల్ట్ లేక్ లోయకు చేరిన జూలై 24 యూటాలో ఇప్పటికీ రాష్ట్ర సెలవుదినం. ఆ మొదటి బృందం నాయకుడు బ్రిగమ్ యంగ్. 143 మంది పురుషులతో బయలుదేరిన ఆ బృందంలో స్త్రీలు ముగ్గురే. పాటీ అదే ఏడాది, రెండు నెలలు ఆలస్యంగా, వెనుక వచ్చిన పెద్ద బృందాలలో చేరుకుంది.

మంత్రసాని పని ఆమెకు ఎలా అబ్బింది?

అత్తగారి వల్ల. డేవిడ్ తల్లి రేచెల్ ఆ చుట్టుపక్కల ఊళ్లకు మంత్రసాని. కీళ్లవాతంతో ఆమె నడక బాగా మందగించింది. ఒక ఇంట్లో నొప్పులు ముదిరి కబురు వస్తే, అత్తగారు చేరుకునేలోపే కోడలు వెళ్లి పురుడు పోయవలసి వచ్చింది. ఆ తరువాత వచ్చిన వైద్యుడు ఆమె చేసిన పని చూసి మెచ్చుకుని, ఈ పనిలో భయపడనక్కరలేదని చెప్పాడట. అప్పటికి ఆమె కొత్త పెళ్లికూతురు. ఏ బడిలోనూ చేరకుండా, పక్కన నిలబడి చూసి, తన చేతులతో చేసి నేర్చుకున్న విద్య అది. మన ఊళ్లలోనూ నిన్నమొన్నటి దాకా మంత్రసాని విద్య ఇలాగే ఒక తరం నుంచి మరో తరానికి దిగివచ్చేది కనుక, ఈ సంగతి మనకు వింతగా తోచదు.

మార్మన్ సంఘంలో ఎప్పుడు చేరింది? మెయిన్ ఎందుకు విడిచిపెట్టింది?

జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించిన సంఘం అది. ఇప్పుడు దాని అధికారిక నామం యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. మార్మన్ గ్రంథం పేరు మీదుగా బయటివారు పెట్టిన పిలుపే ‘మార్మన్’. అంతకు ముందు మెథడిస్టుగా ఉన్న పాటీ, 1833లో ఆ ప్రాంతానికి వచ్చిన ప్రచారకుల మాటలు విని, మరుసటి ఏడాది బాప్తిస్మం తీసుకుంది. భర్త కొంత ఆలస్యంగా ఆ దారికి వచ్చాడు. 1837లో కుటుంబమంతా ఉన్న ఊరిని, పొలాన్ని విడిచి సంఘస్థులు గుమికూడుతున్న మిస్సోరి రాష్ట్రంలోని ఫార్ వెస్ట్‌కు వెళ్లింది. విశ్వాసులంతా ఒకచోట చేరి దేవుని నగరమైన ‘సీయోను’ను కట్టాలన్న బోధ వారి మతంలో ప్రధానమైనది. పశ్చిమానికి వెళ్లిన మిగతావారిలో ఎక్కువమంది భూమి కోసమో బంగారం కోసమో వెళ్లారు. వీరు మొదట వెళ్లింది విశ్వాసం కోసం, ఆ తరువాత వెళ్లింది తరిమివేత వల్ల.

తరిమివేత త్వరగానే వచ్చింది. స్థానికులతో ఘర్షణలు ముదిరి, 1838 అక్టోబరు 27న మిస్సోరి గవర్నర్ లిల్బర్న్ బాగ్స్, మార్మన్లను రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలి లేదా నిర్మూలించాలి అని ఆదేశం జారీ చేశాడు. చలికాలంలోనే వేల మంది ఇలినాయ్ వైపు దారి పట్టారు. సెషన్స్ కుటుంబం కూడా అక్కడి ఇంటిని, భూమిని వదులుకుని వారితో నడిచింది.

అయితే ఇలినాయ్‌లోనైనా ఎందుకు స్థిరపడలేదు?

మిసిసిపీ నది ఒడ్డున వారు కట్టుకున్న నావూ నగరం కొద్ది ఏళ్లలోనే ఆ రాష్ట్రంలోని పెద్ద ఊళ్లలో ఒకటైంది. రాజకీయ బలం, సొంత సైనికదళం, రహస్యంగా సాగుతున్న బహుభార్యాత్వం ఇరుగుపొరుగు వారిలో అనుమానాన్నీ పగనూ పెంచాయి. 1844 జూన్ 27న కార్థేజ్ జైలులో ఉన్న జోసెఫ్ స్మిత్‌ను, అతని అన్న హైరమ్‌ను ఒక మూక కాల్చి చంపింది. ఇక అక్కడ ఉండలేక, 1846 ఫిబ్రవరిలో పడమరవైపు వలస మొదలైంది.

ఆమె దినచర్య ఎలాంటిది? దానికి అంత విలువ ఎందుకు?

ఆ పుస్తకాన్ని కూతురు సిల్వియా బహుమతిగా ఇచ్చింది. 1846 ఫిబ్రవరి 10న మొదటి పేజీలో పాటీ తన పేరు, ఊరు, తేదీ రాసి, ఇవాళ్టికి నా వయసు 51 ఏళ్ల 6 రోజులు అని నమోదు చేసింది. పడమరకు వెళ్లడానికి సామాను సర్దడం పూర్తయిందని అదే రోజు రాసింది. ఆ వెంటనే, ఒక ఇంట్లో ఆడపిల్లకు, మధ్యాహ్నం మరో ఇంట్లో మగపిల్లవాడికి పురుడు పోసి వచ్చానని రాసింది. ఇల్లు వదిలిపోయే రోజున, మూటలు కట్టిన చేతులతోనే రెండు కాన్పులు!

ఆమె వాడిన పలుకుబడి ఒకటి చెప్పాలి. కాన్పు చేసిన ప్రతిసారీ ఆమె ‘ఫలానా సోదరిని పడకమీద పెట్టాను, కొడుకు’ అన్న తరహాలో రాసింది. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన నేటి చదువరి దానిని నిద్రపుచ్చడమని పొరబడే అవకాశం ఉంది. మన భాషలో ‘పురుడు పోయడం’ అన్న మాట ఉంది కాబట్టి, తెలుగు పాఠకుడు దాని భావాన్ని ఇట్టే పట్టుకోగలడు. కాన్పు ఒక్కటే కాక, తరువాత తల్లిని పడకమీద కుదుట పెట్టి చూసుకోవడం కూడా రెండు మాటల్లోనూ కలిసి ఉంది.

రాత తీరు పొడిగా ఉంటుంది. వానపడిందా, ఎంతదూరం నడిచాము, ఎవరింటికి వెళ్లాను, ఎవరు చనిపోయారు, ఏం అల్లాను, ఎవరు డబ్బిచ్చారు అన్నంతవరకే. విరామ చిహ్నాలు తక్కువ, వ్యాఖ్యానం ఇంకా తక్కువ. సరిగ్గా ఆ కారణంగానే దానిని నమ్మవచ్చు. చాలామంది వలసదారులు ముసలితనంలో, మనుమల కోరిక మీద, జ్ఞాపకాలు రాశారు. వాటిలో కష్టం తీపెక్కుతుంది, నాటి సందేహాలు చెరిగిపోతాయి. పాటీ రాత ఏ రోజుకారోజు, చేతులు కడుక్కున్న తడి ఆరకముందే రాసినది. పూర్వికుల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు ఈ తేడాను గట్టిగా మనసులో పెట్టుకోవాలని మా అభిప్రాయం.

ప్రయాణం ఎలా సాగింది?

రెండు భాగాలుగా సాగింది. మొదటిది అయోవా మీదుగా దాదాపు 300 మైళ్లు. ఆ మాత్రం దూరానికి 1846లో వారికి ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నాలుగు నెలలు పట్టింది. మొదట మంచు, తరువాత విడవని వాన, ఇరుసుదాకా దిగబడే బురద. కుటుంబానికి ఎంత సరంజామా ఉండాలో అంతకు ముందే నావూలో జాబితా ప్రకటించారు. ఐదుగురున్న ఇంటికి ఒక గట్టి బండి, మూడు జతల ఎడ్లు, పాడి ఆవులు, వెయ్యి పౌన్ల పిండి, అంటే సుమారు 450 కిలోలు. హడావిడిగా బయలుదేరినవారిలో చాలామంది దగ్గర అందులో సగం కూడా లేదు. గుడారాలలో, బండ్ల చాటున కాన్పులు వచ్చాయి. పాటీ తన బండి దిగి, వానలో గుర్రమెక్కి, వెనుకబడిపోయిన బండ్ల దగ్గరకు తిరిగి వెళ్లి పురుళ్లు పోసి, మళ్లీ తన వాళ్లను అందుకునేది. ఆ ఆగస్టులో ఆమెకే తీవ్రమైన జబ్బు చేసి, ఇక బతకదని చుట్టూ ఉన్నవారు ఆశ వదులుకున్నారు.

ఆ చలికాలాన్ని మిస్సోరి నది పడమటి ఒడ్డున, ఇప్పటి ఒమాహా నగరం దగ్గర, వింటర్ క్వార్టర్స్ అనే తాత్కాలిక ఊరిలో గడిపారు. మొద్దులతో, మట్టిపెళ్లలతో కట్టిన గుడిసెలు. పచ్చి కూర అన్నది లేక స్కర్వీ పట్టుకుంది. కాళ్లు నల్లబడటం చూసి దానిని వారు ‘నల్లకాలు’ అన్నారు. వందల మంది అక్కడే చనిపోయారు. అదే చలికాలంలో స్త్రీలు ఒకరి గుడిసెలో ఒకరు చేరి ప్రార్థనలు చేసుకునేవారు, ఒకరినొకరు ఆశీర్వదించుకునేవారు. పాటీ దినచర్యలో ఆ కూటములను గురించి రాసేటప్పుడు మాత్రం పొడి రాతలో కాస్త వెచ్చదనం కనిపిస్తుంది.

రెండవ భాగం 1847 జూన్‌లో మొదలైంది. ఆ వేసవిలో దాదాపు 1500 మంది పెద్ద పెద్ద బృందాలుగా వెయ్యి మైళ్లకు పైగా ఉన్న దారి పట్టారు. పాటీ కొడుకు పెరిగ్రీన్ 50 బండ్ల బృందానికి నాయకుడు. పాటీ నాలుగెడ్ల బండి తానే తోలింది. అప్పటికి ఆమెకు 52 ఏళ్లు. ఆ బండి తోలడమంటే మన ఎడ్లబండి మీద కూర్చుని పగ్గాలు పట్టడం వంటిది కాదు. అమెరికాలో ఎడ్లను తోలేవారు సాధారణంగా ఎడమవైపున నేలమీద నడుస్తూ, నోటి మాటతో, కొరడాతో అదిలించేవారు. అంటే బండి ఎంత దూరం నడిస్తే తోలేవారూ అంత దూరం నడిచినట్టే. ప్లాట్ నది వెంట చెట్లు లేనిచోట అడవిదున్నల ఎండుపేడ ఏరి పొయ్యి రాజేసుకునేవారు. పిడకల పొయ్యి ఎరిగినవారికి ఆ మంట, ఆ పొగ వేరే వర్ణించనక్కరలేదు. చిమ్నీ రాక్, ఫోర్ట్ లారమీ, ఇండిపెండెన్స్ రాక్, సౌత్ పాస్ దాటి, చివరన ఎత్తైన కనుమలు ఎక్కి దిగి, సెప్టెంబరు నెలాఖరుకు లోయలోకి దిగారు.

చేరిన తరువాత ఆమె రాసుకున్నది కొద్ది మాటలే. చివరి రెండు కొండల దగ్గర కొంత తప్ప దారంతా బండి నేనే తోలాను, ఏదీ విరగలేదు, బండి బోల్తా పడలేదు, అదృష్టం బాగుంది. ఇక బండిని, ఒంటిని శుభ్రం చేసుకుని పాత స్నేహితులను చూసి వచ్చాను.

లోయకు చేరాక ఆమె చేసిన మొదటి పని ఏమిటి?

ఊహించినట్టే, కాన్పు. సెప్టెంబరు 26న లొరెంజో యంగ్ భార్య హ్యారియెట్‌కు కొడుకు పుట్టాడు. ఆ లోయలో పుట్టిన మొదటి మగశిశువు ఇతడేనని పాటీ రాసింది. నీ చేతులే అక్కడి మొదటి మగబిడ్డను అందుకుంటాయని ఎవరో తనకు ముందే చెప్పారని కూడా జోడించింది. కొన్ని చోట్ల దీనిని ‘మొదటి శిశువు’ అని రాస్తున్నారు, అది పొరపాటు. ఆగస్టులోనే ఎలిజబెత్ స్టీల్ అనే ఆడపిల్ల అక్కడ పుట్టింది.

ఆ లోయ నిజంగా ఖాళీ భూమేనా?

కాదు. వలస కథలలో అలా చెప్పడం మామూలైపోయింది కానీ, షోషోనీ, యూట్ జాతులవారు తరతరాలుగా తిరిగిన, వేటాడిన, గింజలు, దుంపలు ఏరుకున్న నేల అది. వలసదారులు వచ్చిన మొదటి చలికాలంలోనే తట్టు వ్యాపించి స్థానికులను పొట్టనపెట్టుకుంది. నీళ్లు దొరికే చోటులన్నీ క్రమంగా పొలాలయ్యాయి. 1863 జనవరి 29న బేర్ నది దగ్గర అమెరికా సైన్యం వందలాది షోషోనీలను చంపింది. 1854లో స్థానిక స్త్రీలకు, పిల్లలకు బట్టలు కుట్టి ఇవ్వడానికి మార్మన్ స్త్రీలు సహాయ సంఘాలు పెట్టినప్పుడు, తన వార్డు (స్థానిక సభ) సంఘానికి పాటీ అధ్యక్షురాలైంది. ఆమె దయలో కల్తీ లేదనే మేము నమ్ముతున్నాము. అయినా, కుట్టిచ్చిన బట్టలు పోయిన భూమికి బదులు కావు. ఆమెను గౌరవించేవారు ఈ రెండు సంగతులనూ కలిపే చెప్పాలి.

మొత్తం ఎన్ని కాన్పులు చేసింది? ఏం పుచ్చుకునేది?

జీవితకాలంలో దాదాపు నాలుగు వేలు. ఒక్కో పురుటికి రెండు మూడు డాలర్లు పుచ్చుకునేది, అదీ ఉన్నవారి దగ్గర. నాణేలు అరుదైన ఆ ఊళ్లలో చాలామంది వస్తురూపంలో తీర్చేవారు. ఎవరు ఇచ్చారో, ఎవరు బాకీ ఉన్నారో పుస్తకంలో రాసి పెట్టుకునేది.

కాన్పులతో ఆగలేదు. జ్వరాలు, దెబ్బలు, పసిపిల్లల రోగాలు అన్నిటికీ ఆమెనే పిలిచేవారు. 1849లో సాల్ట్ లేక్‌లో ఆరోగ్య మండలి ఏర్పడగా, దానికి అనుబంధంగా సాగిన స్త్రీల సమావేశాలలో ఆమె ముఖ్యురాలు. మూలికలు, పథ్యం, బాలింత సంరక్షణ అక్కడి చర్చాంశాలు.

బహుభార్యాత్వం ఆమె జీవితాన్ని ఎలా తాకింది?

ఎక్కువమంది అడిగేది, ఎక్కువమంది తప్పించుకునేది ఈ ప్రశ్నే. భర్త డేవిడ్ బతికి ఉండగానే, 1842 మార్చి 9న నావూలో, ఆమెకు జోసెఫ్ స్మిత్‌తో శాశ్వత వివాహబంధ కర్మ జరిగింది. ఆ సంగతిని తరువాత తానే స్వయంగా రాసి పెట్టింది. ఆమె డేవిడ్‌తో కాపురం మానలేదు. పరలోకంలో కూడా నిలిచే బంధంగా ఆనాటి సంఘస్థులు దానిని అర్థం చేసుకున్నారు. నేటి మన కొలతలతో దానిని పూర్తిగా వివరించడం సాధ్యం కాదు.

ఆ తరువాత బాధ ఆమె గడపలోకి వచ్చింది. రోజిల్లా కోవెన్ అనే రెండవ భార్యను డేవిడ్ చేసుకున్నాడు. 1846లో ప్రయాణపు రోజుల్లో ఆ ముగ్గురి మధ్య జరిగిన కలతలను పాటీ దాచలేదు. మనసు విరిగిందని, ఏడ్చానని, నిద్ర లేదని రాసింది. ఆ ఏడాది చివరకు రోజిల్లా నావూకు తిరిగి వెళ్లిపోయింది. 1850లో డేవిడ్ మరొకరిని పెళ్లాడి, అదే ఏడాది ఆగస్టులో చనిపోయాడు. అతని చివరి రోజులలో సేవ చేసింది పాటీయే.

1851 డిసెంబరులో ఆమె జాన్ ప్యారీని పెళ్లి చేసుకుంది. వేల్స్ దేశం నుంచి వచ్చిన అతడు సంఘపు టాబర్నకిల్ గాయకబృందానికి మొదటి సంగీత సంచాలకుడు. ఆ పెళ్లి గురించి ఆమె రాసిన వాక్యం ఇప్పుడు ప్రసిద్ధమైంది. నాకు కట్టెలు కొట్టిపెట్టే మనిషి ఒకరు దొరికినందుకు దేవునికి కృతజ్ఞతలు అని. అక్కడి చలిలో, ఒంటరిగా, 56 ఏళ్ల వయసులో, రాత్రిపూట పిలుపు వస్తే వెళ్లి తెల్లవారి చల్లారిన పొయ్యి దగ్గరకు తిరిగి వచ్చే స్త్రీకి కట్టెలు ఎంత పెద్ద విషయమో ఆలోచించిన తరువాత, ఆ వాక్యంలో నవ్వుకంటే అలసట ఎక్కువ వినిపిస్తుంది. ప్యారీ కూడా 1854లో మరో భార్యను తెచ్చుకున్నాడు. 1868లో కన్నుమూశాడు. బహుభార్యాత్వాన్ని విరమిస్తున్నట్టు సంఘం ప్రకటించింది 1890లో.

ఆమె ఆ ఆచారాన్ని దైవాజ్ఞ అని నమ్మింది, దాని వల్ల దుఃఖపడింది. వారసులలో కొందరు మొదటి మాటనే చెబుతారు, విమర్శకులు రెండవదే చెబుతారు. దినచర్యలో మాత్రం రెండూ ఒకే పేజీలో ఉంటాయి.

పురుళ్లు కాక ఇంకేం చేసేది?

తోట పెంచింది. ఆమె పేరు మీదనే పిలిచే ఒక రకం ప్లమ్ పండు యూటాలో చాలాకాలం ప్రసిద్ధి. పండ్లు, మొక్కలు అమ్మింది, నేత నేసింది, మేజోళ్లు అల్లింది, సంఘం ఆధ్వర్యంలో 1868లో పెట్టిన సహకార వర్తక సంస్థలో వాటాలు కొంది. రెండుసార్లు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న మనిషికి కూడబెట్టడం ఎందుకంత ముఖ్యమైందో చెప్పనక్కరలేదు.

తెలుగువారికి ఈ చరిత్రతో ఏమైనా సంబంధం ఉందా?

పాటీ జీవితంతో నేరుగా లేదు. సంఘంతో ఉంది. భారతదేశంలో ఆ సంఘపు మొదటి ‘స్టేక్’, అంటే స్థానిక సభల సమాఖ్య, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

నాకు తెలిసిన కుటుంబంలో ఇటువంటి పూర్వికులు ఉన్నారని చెబుతారు. ఎలా నిర్ధారించుకోవాలి?

సాల్ట్ లేక్ నగరంలో సంఘం నడిపే చరిత్ర గ్రంథాలయం, ఏ బృందంలో ఎవరు ప్రయాణించారో చూపే జాబితాను అందరికీ అందుబాటులో ఉంచింది. అదే నగరంలోని ఫ్యామిలీసెర్చ్ గ్రంథాలయంలోకి మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా ఉచితంగా వెళ్లవచ్చు. పేరుతో పాటు పుట్టిన ఏడాది, బయలుదేరిన ఊరు కూడా సరిపోల్చుకోండి. ఒకే పేరుగలవారు చాలామంది ఉంటారు. ఇంట్లో చెప్పుకునే కథ దొరికితే, అది ఎవరు, ఏ వయసులో, సంఘటన జరిగిన ఎన్నేళ్లకు రాశారో ముందు చూడండి.

ఆమె చివరి రోజులు ఎలా గడిచాయి?

సాల్ట్ లేక్ నగరానికి ఉత్తరాన కొడుకు పెరిగ్రీన్ మొదలుపెట్టిన పల్లె ఇప్పుడు బౌంటిఫుల్ అనే పట్టణం. ఆమె 1872లో అక్కడికి మారింది. 80 ఏళ్లు దాటిన తరువాత, 1880ల మొదట్లో, తన సొంత డబ్బుతో అక్కడ ఒక బడి కట్టించింది. మనుమలు, మునిమనుమలతో పాటు ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలూ అందులో చదువుకున్నారు. కళ్లు, చేతులు సహకరించినంతకాలం అల్లిక మానలేదు. 1892 డిసెంబరు 14న, 97 ఏళ్ల వయసులో, బౌంటిఫుల్‌లోనే కన్నుమూసింది.

దినచర్యను ఇప్పుడు చదవవచ్చా?

చదవవచ్చు. మూలప్రతి సాల్ట్ లేక్‌లోని సంఘం భాండాగారంలో ఉంది. 1997లో అది అచ్చులోకి వచ్చింది. అక్షరదోషాలతో సహా ఆమె రాసినది రాసినట్టే ఉంటుంది కాబట్టి మొదటి కొన్ని పేజీలు కష్టంగా తోస్తాయి. 1846 ఫిబ్రవరి నుంచి 1847 సెప్టెంబరు వరకు ఉన్న భాగాన్ని ముందు చదివి, దారిలో చేసిన కాన్పులను, చూసిన చావులను ఒక కాగితం మీద వేరువేరుగా రాసుకుంటూ వెళ్లమని మా సలహా.